జవాబు రేపు

బంగారుపాళెం హైస్కూల్లో
తొమ్మిదో తరగతి నల్లబోర్డుకు కుడిచేతి మూల
జానెడు జాగా చెంగల్రాయులు ఐవారిది.
ఎవరి పీరియడైనా సరే, డస్టరు అక్కడిదాకా వచ్చి
ముళ్లకంచె తగిలిన మేక మాదిరి
పక్కకు తిరిగేది.

ప్రార్థన గంటకు ముందే వచ్చి
ఆ మూలలో ఒక చిక్కు రాసి, గీత గీసి,
కింద చిన్నగా "జవాబు రేపు" అని పెట్టి
సుద్ద చేతిని చంకలో గొడుగుకు తుడుచుకునేవాడు.
ఆ గొడుగు నల్లదని ఆయనే చెప్పినాడు.
మేము చూసింది మాత్రం తెల్లదే.

"బడికొచ్చేటప్పుడు నా నీడ నా ముందర.
ఇంటికి పోయేటప్పుడూ నా ముందరే.
మా ఊరు ఏ దిక్కున?"
ఆ సాయంత్రం పిలకాయలమంతా
తలలొంచుకొని రోడ్డు మీద నడుస్తా ఉంటే
పలమనేరు బస్సు హారన్ కొట్టి కొట్టి విసిగిపోయింది.
చిత్తూరు తట్టు వాళ్లు గెలిచినారు.
మాకు రెండు పూటలా నీడ వీపునే ఉండింది.

ఇంకోనాడు
నలభై కేజీల గుండొకటి పడి నాలుగు ముక్కలైంది.
వాటితో ఒకటి నుంచి నలభై దాకా ఏ తూకమైనా తూచొచ్చు.
ఏ ముక్క ఎంత?
మూడు రోజులు జవాబు రేపుగానే ఉండిపోయింది.
నాలుగోనాడు వెనక బెంచీలో గుర్రప్ప లేచి
"ఒకటి, మూడు, తొమ్మిది, ఇరవై ఏడు సార్.
రాయిని కాయల తట్టు కూడా పెట్టొచ్చు గదా" అన్నాడు.
"యాడ నేర్చుకున్న్యావురా?"
"మండీలో చూసినా సార్."
మేము నవ్వినాం. ఐవారు నవ్వలేదు.

ఆ ఏడు జులైలో
జ్యూసు ఫ్యాక్టరీ గేటు ముందర
ట్రాక్టర్లు రెండు రాత్రులు నిలబడినాయి.
బడి దాకా తోతాపురి వాసన,
ముందు తియ్యగా, తర్వాత పులిసి.
ఒక పొద్దున ఆ మూలలో
ఐవారి గుండ్రటి రాత లేదు.
గుర్రప్పది, కోడి గీరినట్టు:

"ఒక టన్ను కాయలు. కేజీ నాలుగు రూపాయలు.
సూటు కింద యాభై కేజీలు పోయె. కమీషను పదో వంతు.
కోత కూలి పదహారు నూర్లు. ట్రాక్టరు పంతొమ్మిది నూర్లు.
అమ్మినాయన ఇంటికెంత తెచ్చినాడు?"
గీత ఉంది.
దాని కింద ఏమీ లేదు.

అందరికంటే ముందు పెన్సిలు ఆపింది తులసి.
నాకు తప్పొచ్చిందనుకొని నేను మళ్లీ మొదలుపెట్టినా.
ఐవారు సుద్దముక్క తీసుకొని ఒక్కో మెట్టే దిగినాడు,
మూడువేల ఎనిమిది నూర్లు,
మూడువేల నాలుగు నూర్ల ఇరవై,
పద్దెనిమిది నూర్ల ఇరవై.
ఆఖరి మెట్టు కింద నేల లేదు.
ఎనభై బాకీ.

"లెక్క సరిగ్గానే ఉంది గుర్రప్పా."
"సరిగ్గా ఉంటే మరి తప్పు యాడుంది సార్?"

ఐవారు మొదటి నుంచి ఇంకోసారి కట్టినాడు.
ఎనభయ్యే.
"ఎట్ల తీర్చినాడు మీ నాయన?"
"ఎనభైకి కాయలు తీసుకోమన్నాడు సార్, ట్రాక్టరాయన్ని.
ఆయన దండం పెట్టినాడు.
ఆయనింట్లో కూడా అవే."
ఎవరో కిసుక్కుమన్నారు.
షమీనా అనుకుంటా. నేనే కావచ్చు.

మరుసటి రోజు కొత్త చిక్కు లేదు.
ఆ మరుసటి రోజూ లేదు.
గురువారం పొద్దున చూస్తే
గుర్రప్ప గీత కింద
గుండ్రటి అక్షరాల్లో ఒక్క మాట:
"రేపు."

అదెన్ని రోజులుందో నాకు గుర్తులేదు.
వానలొచ్చి, కిటికీ తట్టు గోడ చెమ్మ పట్టి
ఎనభైలో సున్న ముందు పోయింది.
ఎనిమిది చాన్నాళ్లు ఉండింది.